నంబరు లేని హుకుం

వాట్సాప్ గ్రూపులు వచ్చాక ప్రభుత్వ పని పరుగులు పెడుతోందని మండలాఫీసు నుంచి కలెక్టరేట్ దాకా ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకం తప్పు. కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లో గ్రామాల భారం మోసే పంచాయతీ కార్యదర్శులు, ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ టీచర్ల వైపు నుంచి చూస్తే అది తేలిగ్గా తెలుస్తుంది.

మెమోకు నంబరు, తేదీ, సంతకం ఉంటాయి. అవుట్‌వార్డ్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. రేపు తేడా వస్తే ఎవరు చెప్పారో తేలుతుంది. రాత్రిపూట గ్రూపులో పడే "పొద్దున ఎనిమిదికల్లా ఫొటోలు పెట్టాలి" అన్న మెసేజ్‌కు ఇవేవీ ఉండవు. పెట్టినవారు రెండు రోజులు దాటాక కూడా దాన్ని అందరి ఫోన్లలోంచి తీసేయొచ్చు. పాటించనివారికి వచ్చే షోకాజ్ నోటీసుకు మాత్రం నంబరు ఉంటుంది!

నోటిమాట ఆదేశాల మీద అధికారులు పనిచేయకూడదని, వాటిని రాతలో పెట్టాలని 2013 అక్టోబర్ 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన సుబ్రమణియన్ కేబినెట్ కార్యదర్శిగా చేసినవారు. అంతటివారికే అవసరమైన రక్షణ ఊరి కార్యదర్శికి అక్కర్లేదా? గ్రూపు మెసేజ్ పని చేయించుకునేటప్పుడు రాతపూర్వక ఆదేశం, బాధ్యత అడిగినప్పుడు నోటిమాట.

ఇక ఫొటోలు. ఉపాధి హామీ కూలీల హాజరుకు రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో పెట్టడం 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోలకు తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాసింది. గ్రూపుల జబ్బూ ఇదే. మోరీ తీయించడం కంటే తీయించినట్టు చూపడమే ముఖ్యమైపోతుంది.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను వరద ముంచెత్తింది. అలాంటప్పుడు మెసేజ్ ప్రాణాలు కాపాడుతుంది, దాన్ని కాదనేవారెవరూ లేరు. కొనుగోలు కేంద్రంలో వడ్లు ఆరబోసి ఉండగా మబ్బు పట్టినా అంతే. కానీ నెలవారీ నివేదికకు వరద తొందర దేనికి?

ఫ్రాన్స్‌లో పని వేళ దాటాక ఫోనుకు దూరంగా ఉండే హక్కు 2017 నుంచి చట్టంలో ఉంది. మనకు చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, కలెక్టర్ సంతకంతో ఒక్క సర్క్యులర్ చాలు. గ్రూపులో ఇచ్చిన ప్రతి ఆదేశానికి మరుసటి పనిదినంలోగా మెమో నంబరు పడాలి. అది పడనిదే, మెసేజ్ చూడలేదన్న కారణంతో ఎవరికీ నోటీసు ఇవ్వకూడదు.