ములక్కాడ నమిలిన నోటితో ఈ మాటా?

మా ఊరి తెలుగు సంఘం ఉగాది సంచికలో ఆర్టిచోక్ మీద ఒక పెద్దాయన రాసిన వ్యాసం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు ఊరుకోబుద్ధి కాలేదు. ఆయన చెప్పిందేమిటంటే, కొన్నదాంట్లో ముప్పాతిక చెత్తబుట్టకే పోతుందట. రుచి వెన్నదే తప్ప దానిది కాదట. అది దొరల ఇంటి షోకు, నలుగురు కుర్రాళ్ళు కలిసి ఉండే అద్దె కొంపలో ఆ తతంగం కుదిరే పని కాదు, అంత మోజుంటే సీసాలో ఊరేసినవి కొనుక్కుంటే పోతుంది.

నేను ఉంటున్నది సరిగ్గా అలాంటి కొంపలోనే. శాన్‌హోసేలో రెండు పడగ్గదుల ఇల్లు. నేను, గుంటూరు వాడు, ఖమ్మం వాడు, అనంతపురం వాడు. ఉన్నది ఒక్క పొయ్యి, కుక్కర్లు మాత్రం మూడు.

ముందు ఆ ముప్పాతిక సంగతి. తూకం వేస్తే ఆయన లెక్క తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ పప్పుచారులోంచి ములక్కాడ ముక్క తీసి, వేళ్ళతో చీల్చి, గుజ్జు పళ్ళతో గీక్కుని, పిప్పిని కంచం అంచున గుట్ట పోసేవాళ్ళం మనం. పెళ్ళి విస్తట్లో ఆ గుట్ట చూసి ‘అయ్యో వృథా’ అన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఆర్టిచోక్ తినడమూ అచ్చం అదే పని. ఉడికాక ఒక రేకు ఊడదీసి, దాని మొదలు పళ్ళ మధ్య పెట్టి లాగితే కండ నోట్లోకి వస్తుంది, పీచు చేతిలో ఉండిపోతుంది. పెద్దాయన రేకుని రేకుగానే నమిలి మింగబోయారట! ములక్కాడని తొక్కతో సహా మింగి, గొంతుకి అడ్డం పడిందని చెట్టుని తిట్టినట్టుంది.

ఆయన వండిన తీరు ఇంకా ఘోరం. వంకాయలా ముక్కలు తరిగి, అల్యూమినియం కడాయిలో పోపేసి, పావుగంటలో దించేశారు. నల్లబడిందనీ, మధ్యలో నూగు గొంతుకి పట్టుకుందనీ మళ్ళీ ఫిర్యాదు. అది కాయ కాదండీ, విచ్చని మొగ్గ. చామంతి, పొద్దుతిరుగుడుల కుటుంబానికి చెందిన ముళ్ళ మొక్కది. ఆ నూగు, మొగ్గ విచ్చితే ఊదారంగులో పూయాల్సిన చిట్టిపూలు. దాన్ని చెంచాతో గీకి పారెయ్యాలి. అరటిపువ్వు కూర తిన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా? మా అమ్మమ్మ ఒక్కో పువ్వులోంచి గట్టి కాడ లాగేసి, నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వేస్తూ మధ్యాహ్నమంతా కూర్చునేది. ఇక్కడ మజ్జిగ పని నిమ్మకాయ చేస్తుంది. కోసిన చోటల్లా నిమ్మచెక్క రుద్దాలి. అల్యూమినియం, ఇనుము తగిలితే నల్లబడక ఏమవుతుంది? స్టీలు గిన్నె కావాలి.

మా ఇంట్లో ఆ పని ఇడ్లీ పాత్రది. పాల ప్యాకెట్లు కత్తిరించే కత్తెరతోనే గుంటూరు వాడు రేకుల కొసలకున్న ముళ్ళు కత్తిరిస్తాడు. నేను పైన అంగుళం మేర కోసేసి, కాడ చెక్కు తీస్తాను. కాడ పారెయ్యమని రాశారు పెద్దాయన. లోపలి మెత్తటి భాగం కాడలోకే దిగుతుంది, కాబట్టి చెక్కు తీసిన కాడ దాని రుచే ఇస్తుంది. చేతికి పని పది నిమిషాలు. తర్వాత నలభై నిమిషాలు ఆవిరి చూసుకుంటుంది, మనం పక్కన అన్నం వండుకోవచ్చు. నడిమి రేకు ఒకటి పట్టి లాగితే అడ్డు చెప్పకుండా ఊడొస్తే ఉడికినట్టే.

రుచి వెన్నదేనంటారా? మేం వెన్న వాడం. దంచిన వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం కలిపిన పెరుగులో అద్దుకుంటాం. ఖమ్మం వాడు నెయ్యీ కారప్పొడీ కలుపుకుంటాడు. గుంటూరు వాడు ఒకసారి గోంగూర పచ్చడి ప్రయోగం చేశాడు, అది మాత్రం పొసగలేదు, పులుపు తప్ప మరేమీ తెలియలేదు. మొదటిసారి తిన్నరోజు అనంతపురం వాడు గ్లాసెడు నీళ్ళు తాగి, “ఇందులో చక్కెర కలిపినావేందిరా?” అని అడిగాడు. ఉసిరికాయ తిని నీళ్ళు తాగినట్టే ఇదీను. ఆర్టిచోక్‌లోని సైనరిన్ లాంటి పదార్థాలు చాలామంది నాలుకలకి తర్వాత తాగే నీళ్ళని తియ్యగా తోపిస్తాయి. వెన్నకి ఆ విద్య రాదు.

షోకు సంగతికొస్తే, ఇక్కణ్ణించి గంట దూరంలో ఉన్న కాస్ట్రోవిల్ దగ్గర 1920లలో ఈ పంటని నిలబెట్టింది ఇటలీ నుంచి వలసొచ్చిన రైతులు. 1948లో ఇంకా పేరు రాని మార్లిన్ మన్రోకి ఆర్టిచోక్ రాణి పట్టం కట్టిందీ ఆ ఊరే. న్యూయార్క్‌లో సీరో టెర్రనోవా అనే మాఫియా వాడు ఈ సరుకంతా గుప్పిట్లో పెట్టుకుని ధర పెంచేస్తుంటే, 1935 డిసెంబరులో మేయర్ లా గార్డియా తెల్లవారుజామున బ్రాంక్స్ మార్కెట్‌కి పోయి, బాకాలు ఊదించి, ట్రక్కు మీద నిలబడి ఆర్టిచోక్ అమ్మకాలు నిషేధిస్తున్నట్టు చదివాడు. కొద్ది రోజులకే నిషేధం ఎత్తేశారనుకోండి. దొరలు మాత్రమే తినేదానికి మేయర్ అంత చలిలో ట్రక్కెక్కుతాడా?

‘గోధుమరంగు మచ్చలున్న కుళ్ళు సరుకు అంటగట్టారు’ అని ఇంకో మాట. చలికాలంలో మంచు తగిలి పై పొర అలా పొక్కుతుంది. లోపల చెడదు. నొక్కితే కీచుమనాలి, రేకులు దగ్గరగా ముడుచుకుని ఉండాలి. చూడాల్సింది అదీ. సీసా సరుకు మీద పెద్దగా మాట్లాడను. ఆవకాయ తిని మామిడిపండు రుచి చెప్పేవాళ్ళతో వాదన దండగ.

ఒక్కచోట మాత్రం ఆయన వైపుకొస్తాను. దీనిలో ఇన్యులిన్ అనే పీచు ఎక్కువ. అలవాటు లేని కడుపు మొదటి రాత్రి ఉబ్బరిస్తుంది. రెండు పడగ్గదుల్లో నలుగురున్నప్పుడు అది చిన్న విషయం కాదు.

కానీ కలిసి ఉండేవాళ్ళకి కుదరదన్న మాట మాత్రం తలకిందులు. విడివిడి వేళల్లో, విడివిడి గిన్నెల్లో, ఫోన్ చూస్తూ తినేవాళ్ళం మేం. ఆర్టిచోక్ నాడు రెండు కాయలు (మొగ్గని తెలిసీ మేం కాయనే అంటాం) మధ్యలో పెట్టుకుని నేల మీద కూర్చుంటాం. వేళ్ళు జిడ్డు, ఫోన్ ముట్టడానికి లేదు. రేకులు అయిపోయే కొద్దీ కళ్ళు అడుగున ఉన్న మెత్తటి బిళ్ళ మీదికి పోతాయి. “మామా, పోయినసారి పెద్ద ముక్క నీకే వచ్చింది” అంటాడు ఖమ్మం వాడు. కత్తి నా చేతిలో ఉంటుంది కాబట్టి వాటాల తగువు కూడా నా మీదికే వస్తుంది.

మార్చి నుంచి మే దాకా మంచి కాపు. పెద్దాయన ఏ ఆదివారం వచ్చినా ఐదో వాటా కోస్తాను. అల్యూమినియం కడాయి మాత్రం ఇంట్లోనే వదిలేసి రావాలి.