డీడూప్ ఆన్ చేసే ముందు లెక్క అడగండి

మెట్టుగూడ, ఆలుగడ్డబావి ఫొటో స్టూడియోల వారికి, డీటీపీ సెంటర్ల వారికి విన్నపం

ముహూర్తాలు అయిపోయేసరికి మన స్టూడియోల్లో డిస్కులన్నీ నిండిపోతాయి. ఒకే మెమరీ కార్డును కెమెరామెన్ ఒకసారి, ఎడిటర్ ఒకసారి, ఆల్బమ్ డిజైనర్ ఇంకోసారి దించుకుంటారు. అప్పుడే ఎవరో అంటారు: "సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంది కదన్నా, డీడూప్ ఆన్ చెయ్, సగం ఖాళీ అయితది."

దయచేసి తొందరపడకండి. ఆన్ చేసినా పాత డేటా తగ్గదు. ఆ తర్వాత రాసేదానికే అది వర్తిస్తుంది.

డిస్కుల్లో ఫైళ్లను నిర్వహించే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోకి 2009లో వచ్చిన డీడూప్ సదుపాయం, రాసే ప్రతి బ్లాకునూ ఒక పట్టికలో వెతికి, ముందే ఉంటే మళ్లీ రాయదు. పని చురుగ్గా సాగాలంటే ఆ పట్టిక ర్యామ్‌లో ఉండాలి. బ్లాకుకు సుమారు 320 బైట్లు. 128 కేబీ బ్లాకులైతే 1 టీబీకి రెండున్నర జీబీ, 16 టీబీకి 40 జీబీ. డేటాబేసుల్లో ఉండే 8 కేబీ బ్లాకులైతే ఒక్క టీబీకే 40 జీబీ!

ర్యామ్ చాలకపోతే వెతుకులాట డిస్కు మీద పడుతుంది. చెల్లాచెదురుగా చదవాలంటే హార్డ్ డిస్కు సెకనుకు వంద, నూట యాభై సార్లకు మించి చదవలేదు. డిలీట్ చేసేటప్పుడూ ప్రతి బ్లాకునూ పట్టికలో వెతకాలి; 200 జీబీ పెళ్లి ప్రాజెక్టు అంటే 16 లక్షల బ్లాకులు. ప్రతిదానికీ డిస్కు చదవాల్సి వస్తే, సెకనుకు వంద చొప్పున నాలుగున్నర గంటలు. అంతసేపూ ఎడిటర్ ముందు టైమ్‌లైన్ కదలదు, పెళ్లివారి ఫోన్లు ఆగవు. విసిగి ఆఫ్ చేసినా అప్పటిదాకా రాసిన డేటా వివరాలు పట్టికలోనే ఉంటాయి. ఆ డేటాను తిరిగి రాస్తేనే విడుదల.

ఇంతా చేసి మనకు మిగిలేదెంత? రెండు వేర్వేరు ఫొటోల్లో, వీడియోల్లో ఒకేలాంటి బ్లాకులు దాదాపు ఉండవు. పీఎస్‌డీ ఫైలు మొదట్లో నాలుగు బైట్లు చేరితే చాలు, వెనకాల బ్లాకులన్నీ జరిగి, పాతవాటితో కలవవు. కలిసేవి అచ్చంగా ఒకే ఫైలుకు తీసిన కాపీలే. వాటిని పట్టుకోవడానికి ఎఫ్‌డూప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఇంకో డిస్కు మీద బ్యాకప్ ఉందని చూసుకున్నాకే అదనపు కాపీలు తీసేయండి. ఎల్‌జెడ్4 కంప్రెషన్ మాత్రం నిశ్చింతగా ఆన్‌లో ఉంచండి.

ఒకే విండోస్‌ను పదుల వర్చువల్ మెషీన్లలో నడిపే కోచింగ్ సెంటర్ల సంగతి వేరు. వారికి డీడూప్ కలిసి రావచ్చు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3లో పట్టిక సైజుకు హద్దు పెట్టే వీలూ ఉంది. వారైనా ముందు కొలవాల్సిందే. క్యాపిటల్ ఎస్‌తో జెడ్‌డీబీ కమాండ్‌ను పని లేని రాత్రి నడిపిస్తే, ఉన్న డేటాను కదపకుండానే ఎంత ఆదా అవుతుందో నిష్పత్తి చూపిస్తుంది. అది 2 దాటకపోతే ర్యామ్‌కు పెట్టే డబ్బుతో ఇంకో డిస్కు కొనుక్కోండి. డీలర్ ర్యామ్ కొటేషన్ ఇస్తే, ముందు ఆ నిష్పత్తి చూపించమనండి. చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.