పన్ను మినహాయింపు కంటే వెలిగొండ నీళ్లు ముందు



ప్రకాశం నుంచి విడిపోయి మార్కాపురం కొత్త జిల్లా అయినప్పటి నుంచి మా ప్రాంతంలో ఒక మాట తరచూ వినిపిస్తోంది: పదేళ్లు పన్ను ఎత్తేస్తే పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు వాటంతటవే వస్తాయని. ఇక్కడికి పరిశ్రమలు రావాలని నేనూ కోరుకుంటున్నాను. ఏళ్ల తరబడి ఇక్కడి పిల్లలకు కామర్స్ చెప్పాను. చదువు ముగియగానే వాళ్లు హైదరాబాదుకో బెంగళూరుకో పోవడం చూస్తూనే ఉన్నాను. అయినా, మనం అడగాల్సింది పన్ను మినహాయింపు కాదని నా గట్టి నమ్మకం.

పన్నుల విషయంలో మనకు అన్యాయం జరిగిన మాట నిజం. పరిశ్రమల కోసం పన్ను రాయితీలు ఇస్తామని 2014 రాష్ట్ర విభజన చట్టం చెప్పింది. 2016లో కేంద్రం వెనుకబడిన జిల్లాల జాబితా ప్రకటించినప్పుడు అందులో రాయలసీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలే ఉన్నాయి. అప్పటికి మనం ఉన్న ప్రకాశం లేదు. 2020 మార్చి వరకు ఆ జిల్లాల్లో 100 కోట్ల కొత్త యంత్రాలు పెట్టిన కంపెనీ, మామూలు తరుగుదల కాక మరో 15 కోట్లు ఆదాయంలోంచి తీసేసుకోగలిగేది. 30 శాతం పన్ను రేటు లెక్కన నాలుగున్నర కోట్లు మిగిలినట్టే. నల్లమల అవతల నంద్యాలలో ఫ్యాక్టరీ పెడితే ఈ లాభం ఉండేది, ఇవతల గిద్దలూరులో పెడితే ఉండేది కాదు.

అయితే ఆ ఏడు జిల్లాల్లో పెద్ద కంపెనీలు ఎక్కడ దిగాయో కూడా చూడాలి. కియా 2017లో ఒప్పందం చేసుకుని పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ కట్టింది. అక్కడ జాతీయ రహదారి ఉంది, బెంగళూరు దగ్గర. అన్నిటికీ మించి హంద్రీ-నీవా కాలువ ద్వారా గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణా నీళ్లు వచ్చాయి. శ్రీసిటీ పారిశ్రామిక కేంద్రానికి చెన్నై, దాని ఓడరేవులు కలిసొచ్చాయి. అదే జాబితాలో ఉన్నా నీళ్లు, రవాణా లేని కరువు మండలాలకు పెద్దగా ఎవరూ రాలేదు. పన్ను రాయితీ ఒక్కటే ఫ్యాక్టరీని తేలేదు.

కారణం కంపెనీల లెక్కల్లోనే ఉంది. ఆదాయపు పన్ను లాభం వచ్చాక కట్టేది. కొత్త ఫ్యాక్టరీకి మొదటి కొన్నేళ్లు లాభమే ఉండకపోవచ్చు. అప్పుడు పన్ను మినహాయించినా మిగిలేదేమీ ఉండదు. నీళ్ల ట్యాంకర్లకు, లారీ బాడుగలకు, అప్పు మీద వడ్డీకి మాత్రం మొదటి రోజు నుంచే డబ్బు పోతుంది. పైగా 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీ పన్నును 22 శాతానికి, 2024 మార్చిలోగా ఉత్పత్తి మొదలుపెట్టే కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించింది. తక్కువ రేటు కోరుకున్న కంపెనీ వెనుకబడిన జిల్లా రాయితీ వదులుకోవాల్సి వచ్చింది. ఆ రేటు మార్కాపురంలోనూ అంతే, చెన్నై శివార్లలోనూ అంతే. అలాంటప్పుడు కంపెనీ ఓడరేవు వైపే పోతుంది.

విదేశీ కంపెనీల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఏటా 75 కోట్ల యూరోలు దాటిన వ్యాపారం చేసే బహుళజాతి సంస్థలు ఏ దేశంలోనైనా కనీసం 15 శాతం పన్ను కట్టాలని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. కొరియా, జపాన్ 2024 నుంచి అమలు చేస్తున్నాయి. మనం పూర్తిగా వదిలేసిన పన్నులో చాలా భాగాన్ని వాళ్ల ప్రభుత్వాలు వసూలు చేసుకోవచ్చు. మన ఖజానా వదులుకున్న డబ్బు సియోల్ ఖజానాకు చేరడం వల్ల కంభం యువకుడికి ఉద్యోగం రాదు.

అదీగాక, మాతృసంస్థకు వడ్డీ, రాయల్టీ కట్టి లాభాన్ని కాగితాల మీద మరో దేశానికి మళ్లించడం ఈ సంస్థలకు తెలిసిన విద్య. విదేశీ అనుబంధ సంస్థలకు కట్టే వడ్డీకి 2017లో మన చట్టం పరిమితి పెట్టింది అందుకే. లాభాన్ని తరలించవచ్చు. కాలువను, రైలు మార్గాన్ని ఎవరూ తరలించలేరు. ఈ కంపెనీ పోయినా ఇంకో కంపెనీకి, అంతకంటే ముందు మన రైతుకు అవి మిగులుతాయి.

మన సొంత పరిశ్రమ సంగతీ చెప్పాలి. మార్కాపురం పలకలు ఒకప్పుడు విదేశాలకు ఎగుమతి అయ్యాయి. భాగస్వామ్య సంస్థగా నడిచే పలకల యూనిట్‌కు 2019 తగ్గింపు వర్తించదు. లాభం మీద నేటికీ 30 శాతం కట్టాల్సిందే. 2024 మార్చిలోగా ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త తయారీ కంపెనీకి అందులో సగం. ఈ తేడా న్యాయం కాదు.

అందుకే మన ప్రజాప్రతినిధులు మూడు విషయాలు పట్టుబట్టి అడగాలి. ఒకటి, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీటి ప్రాజెక్టును కాలువలతో సహా పూర్తి చేయాలి. దానితో పాటు నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం పనులు ముగించాలి. రెండు, 2024 కేంద్ర బడ్జెట్ వెనుకబడిన ప్రాంతాల నిధుల్లో ప్రకాశం పేరు చేర్చింది. జిల్లా విడిపోయింది కాబట్టి మార్కాపురం పేరు కూడా విడిగా రాయించాలి. 2016లో పేరు లేకపోవడం ఎంత నష్టమో చూశాం. మూడు, కంపెనీలకు ఇచ్చే ప్రోత్సాహకం స్థానికులకు ఇచ్చిన ఉద్యోగాల లెక్కను బట్టి ఉండాలి, ఆ ఒప్పందం జనం ముందు పెట్టాలి, చిన్న యూనిట్లకూ అందులో వాటా ఉండాలి.

ఇవి జరిగితే కంపెనీలను బతిమాలాల్సిన పని ఉండదు. ఇవి జరగకుండా ఎన్ని పన్నులు మాఫీ చేసినా ఖజానాకు నష్టమే తప్ప మనకు పని దొరకదు.

ఇట్లు,
ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
మార్కాపురం