టేపు ముక్క ఒక్కటే చాలదు

టేపు ముక్కతో నోబెల్ బహుమతి కొట్టేశారట! ఈ మాట వినని సైన్సు విద్యార్థి మన కాలేజీలో ఉండడు. 2004లో మాంచెస్టరులో గైమ్, నొవొసెలోవ్ గ్రాఫైటును టేపుతో ఒలిచి గ్రాఫీన్ తీసిన మాట నిజమే. 2010లో వారికి బహుమతి వచ్చిన మాటా నిజమే. కాని ఆ కథను మనకు చెప్పే తీరులో ఒక మెలిక ఉంది. "చూశారా, పరికరాలు లేవని ఏడవకండి, బుర్ర ఉంటే చాలు" అన్నదే ఆ మెలిక. దీనితో నాకు పేచీ ఉంది. అదే 2010లో బయటపడ్డ ఇంకో సంగతి చెబితే పేచీ ఎందుకో తెలుస్తుంది.

మాది వ్యవసాయ కుటుంబం. బేరింగులకు పెట్టే నల్ల గ్రీజు డబ్బాలు మా పశువుల కొట్టంలో ఎప్పుడూ ఉంటాయి. అలాంటి గ్రీజుల్లో కొన్నిట్లో మాలిబ్డినం డైసల్ఫైడు పొడి కలుపుతారు. దాని నిర్మాణం పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొరలో నడిమిన మాలిబ్డినం పరమాణువులు, పైనా కిందా గంధకం పరమాణువులు. పొర లోపలి బంధం గట్టిది, పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం అంతంతే. అందుకే పొర మీద పొర జారుతుంది, బేరింగు అరగదు. జారేది ఒలవడానికీ లొంగుతుంది గదా! ఒక్క పొర మందం 0.65 నానోమీటర్లు, మిల్లీమీటరు ఎత్తులో పదిహేను లక్షల పొరలు పడతాయి. (మాలిబ్డినం రైతుకు ఇంకో రకంగానూ చుట్టమే. మినుము, వేరుశనగ వేళ్ళ బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే ఎంజైములో ఉండేది అదే.)

ఈ పదార్థం దిమ్మగా ఉన్నప్పుడు దాని మీద ఆకుపచ్చ లేజరు వేస్తే దాదాపు ఏ వెలుగూ రాదు. ఒలుచుకుంటూ ఒలుచుకుంటూ ఒంటి పొరకు వచ్చామా, ఎర్రటి వెలుగు! 2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కిన్ ఫై మాక్, టోనీ హైంజ్ ప్రభృతులూ, బర్క్‌లీలో మరో బృందమూ విడివిడిగా దీన్ని ప్రకటించారు. దిమ్మతో పోలిస్తే ఒంటి పొర వెలిగే సామర్థ్యం పదివేల రెట్లకు పైనే అని కొలంబియా వారి లెక్క. సరుకు తగ్గితే వెలుగు పెరగడమేమిటి?

లేజరు తాకిడికి ఎలక్ట్రాను పైకి ఎగురుతుంది, కింద ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాను మళ్ళీ ఆ ఖాళీలో పడినప్పుడు వెలుగు రావాలి. కాని పడాలంటే రెండింటి ద్రవ్యవేగాలూ కుదరాలి. దిమ్మలో ఎలక్ట్రాను కుదురుకునే చోటు ఒకటి, ఖాళీ కుదురుకునే చోటు మరొకటి. స్ఫటిక కంపనాలు చెయ్యి అందిస్తే గాని కలవవు. ఈలోగా శక్తి వేడిగా పోతుంది. ఒంటి పొరలో రెండూ ఒకే ద్రవ్యవేగం దగ్గర ఉంటాయి. తాటిపండు చెట్టు మీంచి తిన్నగా పడితే దబ్బుమని వినిపిస్తుంది, గట్టు వాలున దొర్లితే ఎవరికీ వినిపించదు. అలాంటిదే ఇది.

పొరల సంఖ్యను బట్టి ఇది మారడమెందుకు? పైనా కిందా ఉన్న గంధకం గట్టు పక్క మడి లాంటిది, ఇరుగు పొరల ఊట దానికి తగులుతుంది. నడి మడిలాంటి మాలిబ్డినానికి ఆ ఊట అంతగా అందదు. ఇరుగుపొరుగులను తీసేస్తే గంధకం వాటా ఎక్కువగా ఉన్న శక్తి స్థాయిలు తప్పుకుంటాయి, మాలిబ్డినం స్థాయిలే రంగం మీద మిగులుతాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే.

ఇక అసలు పేచీకి వస్తాను. ఒంటి పొర మాలిబ్డినం డైసల్ఫైడు 2010లో పుట్టింది కాదు. 1986లోనే కెనడాలో లిథియం ఎక్కించి, నీళ్ళలో పొరలు విడగొట్టారు. అయితే ఆ పద్ధతిలో పరమాణువుల అమరిక మారి లోహం లాగా తయారవుతుంది, వెలగదు. టేపా? అది అంతకు ముందు నుంచీ ఉన్నదే. మరి కొలంబియాలో అదనంగా ఏమున్నాయి? పొరను గాలిలో వేలాడదీయడానికి చిన్న గుంటలు తవ్విన పలక, మంచి మైక్రోస్కోపు, లేజరు, పిసరంత వెలుగును కూడా లెక్కగట్టే స్పెక్ట్రోమీటరు. వాటన్నిటి ముందూ గంటల తరబడి కూర్చోనిచ్చిన గది. టేపు కథలో ఇవేవీ వినిపించవు, కాదూ?

మనకు ఫిబ్రవరి 28 వస్తే రామన్ ఫోటోకు దండ పడుతుంది, ఉపన్యాసాలు ఉంటాయి. ఒలిచిన ముక్కలో ఎన్ని పొరలున్నాయో చెప్పేది ఆయన 1928లో కలకత్తాలో కనిపెట్టిన ఫలితమే. వర్ణపటంలో రెండు గీతల మధ్య ఎడం ఒంటి పొరకు తక్కువ, పొరలు పెరిగేకొద్దీ ఎక్కువ. ఆ గీతల్ని కళ్ళతో చూసిన డిగ్రీ విద్యార్థి మనలో ఎవరు? పరిశోధన విభాగంలో స్పెక్ట్రోమీటరు ఉంది, దాని గుమ్మం తొక్కే అర్హత మనకు లేదు. మనకున్నది పోయినేటి రికార్డు చూసి ఈ యేటి రికార్డు రాసుకునే అర్హత. కుర్రాళ్ళు పాడు చేస్తారని లెక్చరర్ల భయం. ఆ భయం ఉత్తిదేమీ కాదు, ఖరీదైన వస్తువే. కాని అరిగిపోతుందని నాగలిని అటకెక్కించే రైతును నేనింతవరకు చూడలేదు.

డబ్బెక్కడిది అంటారేమో. నేను కొత్త యంత్రం అడగడం లేదు. ఈ పని మన దేశంలో కానిదేమీ కాదు. 2010లోనే బెంగుళూరులో సి.ఎన్.ఆర్. రావుగారి బృందం ఇదే పదార్థపు పలుచటి పొరలు తయారుచేసి ప్రచురించింది. చేయవలసింది ఇంకా బోలెడుంది. మామూలుగా ఒలిచిన పొర వంద ఫోటాన్లు మింగి ఒక్కటైనా తిరిగి ఇవ్వదు. 2015లో బర్క్‌లీ వారు ఒక ఘాటైన ఆమ్లంతో శుద్ధి చేసి దాన్ని తొంభై అయిదుకు పైగా తెచ్చారు. ఇదే జాతి టంగ్‌స్టన్ డైసెలెనైడుతో 2014లో పలుచటి దీపాలే చేశారు. ఇవన్నీ మన సిలబసు బయట ఉన్నాయి. ఉంటే ఉండనివ్వండి.

యూనియన్ మిత్రులు ప్రిన్సిపాలుగారి ముందు పెట్టవలసిన కోరిక ఒక్కటే. నెలకు రెండు శనివారాలు, ఒక పరిశోధక విద్యార్థి పర్యవేక్షణలో, ఆ గది తలుపు మూడో సంవత్సరం వారికి తియ్యాలి. పాడైతే బాధ్యత ఎవరిదో ముందే కాగితం మీద రాసుకుందాం, మేము సంతకాలు పెడతాం. టేపు చుట్ట మటుకు నేనే తెస్తాను.