చివరిసారి తాగింది ఎప్పుడు?

జనరల్ ఆసుపత్రిలో పనిచేసే మానసిక వైద్యుడికి ఎముకల వార్డు నుంచి ఫోన్ వచ్చేది ఎక్కువగా రాత్రిపూటే. అవతల హౌస్ సర్జన్ గొంతులో కంగారు. కాలు విరిగి చేరిన మనిషి, నిన్నటిదాకా బాగానే ఉన్నాడు. ఇప్పుడు సెలైన్ పీకేశాడు, దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతున్నాడు, కట్టుకున్న భార్యనే ఎవరు నువ్వంటున్నాడు. ఆ హౌస్ సర్జన్‌ను నేను మొదట అడిగేది ఒక్కటే: చేరి ఎన్ని రోజులైంది? రెండు, మూడు అని జవాబొస్తే మిగతా కథ దాదాపు తెలిసిపోయినట్టే.

ఇంత కచ్చితంగా వేళ చెప్పి వచ్చే జబ్బులు వైద్యంలో తక్కువ. మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ అందుతుంటే మెదడు దానికి ఎదురుగా తన ఉద్రేకాన్ని పెంచుకుని సరిపెట్టుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే పెంచుకున్న ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు. ఆరు నుంచి పన్నెండు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడ మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక, నాలుగో రోజులోపు కొందరికి మతి చెదిరిపోతుంది. డెలీరియం ట్రెమెన్స్ అంటే అదే. చికిత్స తెలియని కాలంలో దీని బారిన పడ్డవారిలో మూడో వంతు దాకా చనిపోయేవారు. సరైన మందు సరైన వేళకు పడితే ఇప్పుడు ఆ సంఖ్య నూటికి ఐదుకు లోపే.

ఇది తాగడం వల్ల కాదు, ఆపడం వల్ల వస్తుందని 1955లోనే తేలింది. అమెరికాలో హారిస్ ఇస్బెల్ అనే వైద్యుడు కొందరికి వారాల తరబడి మద్యం తాగించి, హఠాత్తుగా ఆపి చూశాడు. ఎక్కువకాలం తాగినవారికి ఫిట్స్, మతిభ్రమ వచ్చాయి. అందుకు వాడుకున్నది ఒకప్పుడు మార్ఫిన్‌కు అలవాటుపడ్డ ఖైదీలను. ఈరోజు అలాంటి ప్రయోగానికి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కానీ అప్పుడు తెలిసిన సంగతిని మన వార్డులు ఇంకా పట్టించుకోవడం లేదన్నదే నా బాధ.

అరుదైన సమస్య కదా, ఎందుకింత ఆందోళన అనేవారికి అంకెలు చెప్పాలి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవారిలో నూటికి 43 మంది మద్యం తాగుతారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 19. తెలంగాణ ఆడవారిలో నూటికి దాదాపు ఏడుగురు, దేశంలో ఒకరు. తాగే ప్రతివాడూ బానిస కాడు, నిజమే. ఢిల్లీ ఎయిమ్స్ 2019లో ఇచ్చిన జాతీయ నివేదిక మాత్రం ఇంకో మాట చెప్పింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒకరు. మిగిలినవాళ్లు ఆసుపత్రికి రాకుండా పోతారా? వస్తారు. కాలు విరిగో, పాంక్రియాస్ వాచో, హెర్నియా ఆపరేషన్‌కో వస్తారు. అలా చేరిన పూట నుంచే చుక్క ఆగిపోతుంది. అంటే డీ-అడిక్షన్ సెంటర్‌లో జరగాల్సిన పని, ఎవరూ అనుకోకుండానే, ఎముకల వార్డులో మొదలైపోతుంది. అక్కడ దానికి మందూ లేదు, చూసే కన్నూ లేదు.

చూడకపోవడం మొదలయ్యేది కేసు షీటు దగ్గరే. అందులో ఒక గడి ఉంటుంది: అలవాట్లు. చుట్టూ పదిమంది బంధువులుండగా, నిలబడే "మందు అలవాటుందా?" అని అడుగుతారు. భార్య తల దించుకుని "ఎప్పుడన్నా పండక్కీ పబ్బానికీ సార్" అంటుంది. గడిలో "లేవు" అని పడుతుంది. ఆ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు రాదు. అదే పేషెంటుతో పక్కకొచ్చి, "రోజుకు క్వార్టర్ సరిపోతుందా, హాఫ్ దాకా వెళ్తుందా? నిన్న ఎన్నింటికి తీసుకున్నారు? పొద్దున్నే లేవగానే చేతులు వణుకుతాయా? ఇంతకుముందు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా?" అని అడిగి చూడండి. ఎక్కువ పరిమాణంతో మొదలుపెడితే తక్కువ చెప్పడానికి మనిషికి సిగ్గుండదు. నిమిషం పట్టదు. ముందే తెలిస్తే సీవా అనే పది అంశాల పట్టికతో స్టాఫ్ నర్సే కొన్ని గంటలకోసారి లక్షణాలకు మార్కులు వేసి, పెరుగుతుంటే మందు మొదలుపెట్టించగలదు. ఆ పట్టిక 1989 నుంచీ ఉంది.

మన ప్రాంతంలో ఇంకో మెలిక ఉంది. "నేను మందు ముట్టను సార్, కల్లే" అంటాడు పేషెంటు. డ్యూటీ డాక్టరు ఊపిరి పీల్చుకుంటాడు. నిజానికి భయపడాల్సింది అప్పుడే. తెలంగాణలో చాలాచోట్ల కల్లు పేరుతో అమ్మేదాంట్లో ఆల్ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుస్తున్నాయని ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. ఇలాంటి కల్లు మానినా ఫిట్స్ వస్తాయి, మతి చెదురుతుంది. డయజిపామ్ లాంటివి ఒంట్లోంచి నెమ్మదిగా దిగుతాయి కాబట్టి మూడో రోజు గండం గడిచిందనుకున్నాక కూడా రావచ్చు. 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద ఉక్కుపాదం మోపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు ఇలాంటివారితోనే నిండాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డ వారంలోనే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు బారులు తీరారు. ఈ కల్లు తాగేవారిలో ఆడవాళ్లు తక్కువేం కాదు. తుంటి ఎముక విరిగి చేరిన అరవయ్యేళ్ల అవ్వను మాత్రం ఎవరూ ఆ మాట అడగరు. మూడో రోజు ఆమె ఏదో మాట్లాడుతుంటే వయసు మీద పడిందంటారు, లేదా గాలి సోకిందంటారు.

రాత్రి గొడవ మొదలయ్యాక వార్డులో జరిగేది కూడా తెలుసు. కాళ్లూ చేతులూ గాజు గుడ్డతో మంచానికి కడతారు. హలోపెరిడాల్, ఫెనర్గన్ కలిపి సూది వేస్తారు. మనిషి కదలడు, వార్డు ప్రశాంతంగా ఉంటుంది. లోపల జరిగే జబ్బుకు మాత్రం అది మందు కాదు. ఆ తరహా మందులు ఒంటరిగా ఇస్తే ఫిట్స్‌కు దారి సులువు చేస్తాయి. 1969లో అమెరికాలో అయిదువందల మందికి పైగా మాజీ సైనికుల మీద పోల్చి చూశారు. క్లోర్‌డయజిపాక్సైడ్ ఇచ్చినవారిలో సుమారు నూటికి ఒకరికి ఫిట్స్ వచ్చాయి. హలోపెరిడాల్ తరహాదైన క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చినవారిలో నూటికి పన్నెండు మందికి. అది ఏ మందూ ఇవ్వనివారికంటే కూడా ఎక్కువ. క్లోర్‌డయజిపాక్సైడ్ చౌక మాత్ర. కాలేయం బాగా చెడినవారికి లోరజిపామ్ ఉంది. రెండూ మన ఫార్మసీల్లో దొరికేవే.

పసుపు సెలైన్ సంగతి మరీ విచిత్రం. తాగుడు అలవాటు తెలిసిన వార్డుల్లో బి-కాంప్లెక్స్ ఆంప్యూల్ కలిపిన సీసా ఒకటి వేలాడుతుంది. అది చూసి విటమిన్ వెళ్తోందని అందరికీ ధీమా. సాధారణంగా ఆ ఆంప్యూల్‌లో ఉండే థయమిన్ 100 మిల్లీగ్రాములు. థయమిన్ లోపంతో మెదడు దెబ్బతినే వెర్నికీ జబ్బు అనుమానం ఉంటే పాశ్చాత్య మార్గదర్శకాలు చెప్పే మోతాదు ఒక్కోసారి 500, రోజుకు మూడుసార్లు, నేరుగా రక్తనాళంలోకి. పైగా లోపమున్నవాడికి థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్నది కాస్తా ఖర్చయిపోతుంది. మతి తప్పడం, చూపు తేలిపోవడం, నడక తూలడం, ఈ మూడూ కనపడితేనే వెర్నికీ అనుకోవాలని కాలేజీలో నేర్చుకున్నాం. 1986లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో శవపరీక్షల్లో ఈ జబ్బు తేలిన 131 మంది రికార్డులు తిరగేస్తే ఆ మూడూ ఉన్నవారు నూటికి పదహారు మందే. బతికుండగా గుర్తించినది అయిదుగురిలో ఒకరిని. వేళకు థయమిన్ పడనివారిలో చాలామంది బతికి ఇంటికి వెళ్తారు. నిమిషం క్రితం చెప్పింది మాత్రం ఇక గుర్తుండదు.

ఇదంతా వైద్యుల నిర్లక్ష్యమే అంటే తప్పు. దాచడం నేర్పింది మన ఏర్పాటే. ఆరోగ్య బీమా పాలసీల్లో మినహాయింపు నంబరు 12 అని ఒకటుంది: మద్యం, మత్తు పదార్థాల అలవాటుకూ దాని పర్యవసానాలకూ చికిత్స ఖర్చు ఇవ్వరు. అందుకే బంధువులు డాక్టరు చెయ్యి పట్టుకుని "ఆ ముక్క మాత్రం రాయకండి సార్" అంటారు. రాయకపోతే రాత్రి డ్యూటీకొచ్చిన నర్సుకు తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను జబ్బుల్లోనే లెక్కగట్టింది. మానసిక జబ్బులకు మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం అంది. చట్టం ఒకటంటే పాలసీ కాగితం ఇంకొకటంటోంది. ఈ నంబరు 12ను బీమా నియంత్రణ సంస్థ తిరిగి చూడాల్సిందే. నా దృష్టిలో అది డబ్బు మిగల్చడం లేదు. మొదటి రోజే మాత్రలతో పోయే జబ్బును ఐసీయూ బిల్లు చేస్తోంది.

ఆసుపత్రి సూపరింటెండెంట్లకు ఒక మనవి. కేసు షీటులో "అలవాట్లు" గడి కొట్టేసి, ఏమిటి, ఎంత, చివరిసారి ఎప్పుడు అని మూడు గీతలు గీయించండి. క్లోర్‌డయజిపాక్సైడ్, లోరజిపామ్, థయమిన్ ఇంజెక్షన్ ప్రతి వార్డు అల్మరాలో ఉండేలా చూడండి.

ఇంట్లోవాళ్లకు ఇంకో మనవి. రోజూ తాగే మనిషిని ఏ జబ్బుతో చేర్చినా, డాక్టరు అడిగినా అడక్కపోయినా, చివరిసారి ఎన్నిగంటలకు తాగాడో పక్కకు పిలిచి చెప్పండి. కల్లయితే కల్లనీ, ఏ దుకాణం కల్లో కూడా చెప్పండి. కూల్‌డ్రింక్ సీసాలో మందు కలిపి దొంగచాటుగా తెచ్చి పోయకండి. మత్తుమందు ఇచ్చే డాక్టరుకు అది తెలియకపోతే ఆపరేషన్ టేబుల్ మీద ప్రాణాపాయం. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఇంట్లోనే ఒక్కరోజులో మానేస్తానంటే కూడా, కనీసం మొదటి నాలుగు రోజులూ వైద్యుడి కనుసన్నల్లో ఉంచండి.