మన నీళ్ల మీద సదస్సు, మనకేమో డాన్స్ ఐటెమా?

పోస్ట్ పెద్దదే. చివరిదాకా చదవండి, తర్వాత తిట్టేవాళ్లు తిట్టండి.

మార్కాపురంలో పర్యావరణం, ప్రజారోగ్యం మీద ఒకరోజు సదస్సు పెడుతున్నారని, మన హాస్టల్ పిల్లల్ని పంపమని పిలుపు వచ్చింది కదా. దాని ప్రోగ్రాం షీటు మేం చూశాం. 10 గంటలకు జ్యోతి ప్రజ్వలన. తర్వాత అతిథుల పరిచయం, శాలువాలు. 11.30 నుంచి ఇంగ్లీషులో పేపర్లు: వాతావరణ మార్పు, ప్లాస్టిక్, ఫ్లోరైడ్. భోజనాల తర్వాత 'బాధితుల గొంతు' అని పది నిమిషాలు. 4.30కి 'గిరిజన సాంస్కృతిక ప్రదర్శన'. అదీ మన వాటా. సుగాలి అక్కలు డాన్స్ వేయాలి, చెంచు తమ్ముళ్లు విల్లంబులు పట్టుకుని స్టేజి ఎక్కాలి.

ఆ నీళ్లు తాగేది మనం. గార పళ్లు మనవి. నడుము వంగి, మోకాళ్లు పట్టేసి మంచం దిగలేనివాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లందరికీ కలిపి పది నిమిషాలు, అదీ అతిథులు భోంచేసి కునుకు తీసే టైములో.

షీటు మీద 'గిరిజనులకు అవగాహన కల్పించుట' అని కూడా ఉంది. 1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు ఉందని, నీళ్లలోని ఫ్లోరైడే కారణమని రాసి అచ్చు వేశారు. వాళ్లు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని. మన పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. మన తాతల కాలం నాటికే తెలిసిన సంగతి ఇది. మా ఇళ్లలో మాకంటే ముందు ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. అయినా లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని మాకు తెలుసు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుందని కూడా తెలుసు. తెలిసి ఏం చేయాలి? చేతిలో డబ్బులున్న రోజు 20 లీటర్ల క్యాను, కూలి దొరకని రోజు బోరింగు నీళ్లు. కావాల్సింది నీళ్లు సార్, అవగాహన మా దగ్గర చాలా ఉంది.

వెలిగొండ పేరు షీటులో ఎక్కడా లేదు. 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు ఇస్తామన్నది ఆ ప్రాజెక్టు మొదటి మాటల్లో ఒకటి. దాన్ని వదిలేసి పశ్చిమ ప్రకాశంలో నీళ్ల మీద ఏం మాట్లాడతారు?

పలకల దుమ్ము సంగతి కూడా లేదు. మార్కాపురం అంటేనే పలకలు. ఆ రాయి కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, దాన్ని నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు చేసే కూలీలకు ఈ జబ్బు వచ్చిందని డాక్టర్లు ఎప్పుడో రాశారు. మార్కాపురంలో సభ పెట్టి ఆ ముక్క ఎత్తకపోవడం మరుపు అనుకోవాలా?

గ్రూపులో ఒక అన్న రాశాడు, 'కనీసం పిలిచారు కదరా, సర్టిఫికెట్ వస్తుంది, గొడవెందుకు' అని. అన్నా, మీరంటే గౌరవమే. పిలిచినవాళ్లు చెడ్డోళ్లని మేం అనట్లేదు. వాళ్లలో తండాలు తిరిగి పిల్లల పళ్లు చూసిన డాక్టర్లు ఉన్నారు. అయినా ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు జవాబు చెప్పాలి అన్నది ఆ షీటు రాసే రోజే తేలిపోతుంది. తర్వాత మైకు దగ్గర ఎంత అరిచినా టైమైపోయింది బాబూ అంటారు. నల్గొండ వాళ్లు పిలుపు కోసం కూర్చోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల మీద నిరసనగా వందల మంది నామినేషన్లు వేస్తే మొత్తం అభ్యర్థులు 480 మంది అయ్యారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యి ఎన్నికే వాయిదా పడింది. జపాన్‌లో మినమాటా అనే ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసంతో ఒళ్లు వంకర్లు పోయినవాళ్లు 1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు జరుగుతుంటే అక్కడికే వెళ్లి తమ ఒళ్లు లోకానికి చూపించారు. వాళ్లను డాన్స్ వేయమని ఎవరూ అడగలేదు.

మేం అడిగేది ఇంతే. మొదటి సెషన్ తండాల, గూడేల వాళ్లది, తెలుగులో. లంబాడీలో మాట్లాడే అవ్వకు పక్కన తెలుగు చెప్పేవాళ్లుండాలి. అది 11 గంటలకు మొదలవ్వాలి, ఎందుకంటే పాలుట్ల లాంటి గూడెం నుంచి అడవి దారి దాటి యర్రగొండపాలెం చేరేసరికే పొద్దెక్కుతుంది. వచ్చినవాళ్లకు బస్ చార్జీ, ఆ రోజు కూలి ఇవ్వాలి. అతిథులకు కారు పెడుతున్నారు కదా. రెండో సెషన్‌లో ఆర్‌డబ్ల్యూఎస్ అధికారులు ఊరి పేరు చెప్పి జవాబివ్వాలి, దాన్ని రాసి సంతకం పెట్టాలి. మనం సీసాల్లో తెచ్చిన బోరింగు నీళ్లను ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో అక్కడే అందరి ముందు పరీక్ష చేయాలి. పలకల ఫ్యాక్టరీ కూలీలకు ఒక గంట. శాలువాలు సాయంత్రం కప్పుకోవచ్చు, ఎవరూ ఏడవరు.

ఇది మార్చేదాకా మన హాస్టళ్ల నుంచి డాన్స్ టీము పంపొద్దు. మన ఆట మనకు చిన్నతనం కాదు, పండగకి ఆడతాం, పెళ్లికి ఆడతాం. అవ్వ నొప్పి గురించి పది నిమిషాలు విని చప్పట్లు కొట్టేవాళ్ల ముందు ఆడం.

ఈ ఆదివారం సాయంత్రం హాస్టల్ మెస్‌లో కూర్చుని ఉత్తరం రాస్తున్నాం. గిద్దలూరు, దోర్నాల, పుల్లలచెరువు వైపు వాళ్లు రాలేకపోతే పేర్లు కింద కామెంట్‌లో పెట్టండి. పేరు పక్కన మీ ఊరు, మీ ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడివో (బోరింగు, ట్యాంకరు, క్యాను) తప్పకుండా రాయండి.