పాలపిట్ట ఏది..? 15 నిమిషాల పక్షుల లెక్కతో బయటపడుతున్న నిజం!

దసరా రోజు పాలపిట్ట కనిపిస్తే శుభమని మన నమ్మకం. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా ఇదే. మరి ఈ మధ్య మీకు ఎన్నిసార్లు కనిపించింది? ఆ అనుమానం నిజమేనంటున్నాయి లెక్కలు.

ఏంటీ లెక్క?

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచవ్యాప్తంగా 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది. 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. కొండాపూర్ బొటానికల్ గార్డెన్ లాంటి చోటైనా, మీ ఇంటి డాబా అయినా ఓకే. కనీసం 15 నిమిషాలు నిలబడి, కనిపించిన, కూత వినిపించిన పక్షులన్నీ ఎన్నో రాసి 'ఈబర్డ్' యాప్‌లో పెట్టాలి. కాకి, గోరింక, పావురం.. దేన్నీ వదలొద్దు. ఎందుకంటే పూర్తి లిస్ట్ ఇస్తేనే ఏ పక్షి కనిపించలేదో కూడా తెలుస్తుంది.

రిపోర్ట్ ఏం చెప్పింది?

30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు ఇలా ఇచ్చిన దాదాపు 3 కోట్ల నమోదులతోనే 2023లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక వచ్చింది. 942 జాతులను పరిశీలిస్తే, దీర్ఘకాలిక మార్పు తేల్చేంత సమాచారం దొరికింది 338 జాతులకే. వాటిలో 60 శాతం తగ్గిపోయాయి. నెమళ్లు, కోయిలలు పెరిగాయి. పాలపిట్ట మాత్రం బాగా తగ్గింది. దాని పరిస్థితిని అంతర్జాతీయ రెడ్ లిస్ట్‌లో మళ్లీ సమీక్షించాలని నివేదిక సూచించింది.

అసలు చిక్కు ఇక్కడే!

పార్కులో నెమలి కనిపించగానే పక్షులన్నీ బాగున్నాయని అనుకుంటాం. కానీ పాలపిట్ట ఉండేది చిక్కటి చెట్ల మధ్య కాదు. పొలాలు, బీళ్లు, కరెంటు తీగల మీద! పురుగులే దాని తిండి. సిటీ గార్డెన్‌లో ఎంత పక్కాగా లెక్కపెట్టినా దాని సంగతి సగమే తెలుస్తుంది. బైనాక్యులర్లు పట్టుకునేవాళ్లు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నారు. లెక్క కావాల్సింది మాత్రం పల్లెల్లో.

మనమేం చేయొచ్చు?

పండక్కి ఊరెళ్లినప్పుడు పొలం గట్టు మీద 15 నిమిషాలు నిలబడితే చాలు. ఏటా అదే చోట లెక్కపెడితే ఇంకా మేలు. దర్శనం కోసమంటూ పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టడం మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పాలపిట్ట కనిపించకపోయినా ఆ లిస్ట్ పంపండి. పక్షి ఎక్కడ తగ్గిందో తెలిస్తేనే కదా, ఎక్కడ కాపాడాలో తెలిసేది!